గట్టిగా కొట్టిన గాలి

సైకిల్ కోచ్‌గా ఇన్నేళ్లు నేను చేసిన పనిలో సగం టైర్లలో గాలి తగ్గించడం. మిగతా సగం, నేను తగ్గించిన గాలిని ఎవరో ఒకరు వచ్చి మళ్లీ నింపకుండా కాపలా కాయడం. నవ్వొస్తే నవ్వండి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలందరూ ఈ మాటకు నవ్వుతారు. మొదటి పెద్ద రేసు అయ్యాక నవ్వరు.

విశాఖపట్నంలో ఒక పెద్ద కర్మాగారం క్రీడా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగం కోసం వచ్చినవాడు. నేను పుట్టిందీ, సైకిలు నేర్చిందీ, పళ్లు రాలగొట్టుకుందీ ఈ ఊళ్లోనే. ఆడపిల్ల రేసు సైకిలు ఎక్కితే జనం ఆగి చూసే రోజుల్లో ఎక్కాను. మోకాలు పోయాక దిగి, మిగతా పిల్లల్ని ఎక్కించడం మొదలుపెట్టాను. అందరూ నన్ను మేడం అనేవాళ్లు. వెనకాల ఇంకేదో అనేవాళ్లని తెలుసు, దాంతో నాకు పని లేదు.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుంది అన్న సంగతులు రాయను. ఒక రాళ్ల రోడ్డు రేసు గురించి, దానికి ఒక బండినీ ఒక పిల్లనీ ఎలా తయారుచేశామో దాని గురించి, తయారైనదాన్ని ఒక పెద్దమనిషి ఎలా పాడుచేశాడో దాని గురించి రాస్తాను. కోపం తగ్గాక రాయమని మా ఆయన సలహా. అది తగ్గేదాకా ఆగితే రాయడానికి నేనుండను.

బొటనవేలి పరీక్ష

మా ఊళ్లో 'గట్టి' అన్నది మెచ్చుకోలు మాట. గట్టి మనిషి, గట్టి సరుకు, గట్టి పిల్ల. ఉక్కు కాచే ఊరు కాబట్టి మెత్తగా ఉన్నదానికి ఇక్కడ మర్యాద లేదు. సైకిలు కనిపిస్తే చాలు, దారినపోయే దానయ్య కూడా వచ్చి బొటనవేలితో టైరు నొక్కుతాడు. వేలు దిగకపోతే తల ఆడిస్తాడు. కాస్త దిగిందంటే, "ఏటమ్మా, గాలి లేదేటి?" అంటాడు. ఏ వీధి చివర పంక్చర్ల షాపుకెళ్లినా అంతే, అడక్కుండానే గట్టిగా కొట్టి పంపిస్తారు. తక్కువ కొడితే షాపు పరువు పోతుందని వాళ్ల భయం.

నున్నటి బీచ్ రోడ్డు మీద గట్టి టైరుతో పెద్ద నష్టం లేదు. రాళ్లు పరిచిన రోడ్డు మీద అదే టైరు బంతిలా ఎగురుతుంది. చక్రం గాల్లో ఉన్నంతసేపూ అది ముందుకు తోయదు, బ్రేకు వేస్తే ఆగదు, హ్యాండిల్ తిప్పితే తిరగదు. తొక్కేవాడి బలమంతా పైకీ కిందికీ ఎగరడానికే పోతుంది. గాలి కొంచెం తగ్గిస్తే టైరు రాయి అంచును తనలోకి తీసుకుని దాటుతుంది. మరీ తగ్గించామా, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటేసినట్టు రెండు గాట్లు పడి ఢాం అంటుంది. ఎక్కువకీ తక్కువకీ మధ్యనున్న ఆ సన్నటి జాగా కనిపెట్టడానికే కోచ్‌కి జీతం. అది మనిషి బరువును బట్టి, టైరు వెడల్పును బట్టి, రాళ్లను బట్టి మారుతుంది. పక్కవాడి లెక్క నీకు పనికిరాదు.

నా మొదటి అధికారి లెక్కల విభాగం నుంచి వచ్చినాయన. మొదటి రోజే పిలిచి, "నేను సైకిలు నేర్చుకోలేదమ్మా. నీకేం కావాలో అడుగు. కుదిరితే ఇస్తాను, కుదరకపోతే కుదరదని మొహం మీదే చెబుతాను" అన్నాడు. అన్నట్టే చేశాడు. ఆయన ఉన్నంతకాలం ఏ టైరు మీదా చెయ్యి వెయ్యలేదు. అధికారులంటే అందరూ ఇలాగే ఉంటారనుకున్నాను. నా అంత అమాయకురాలు లేదు.

ఆయన తర్వాత వచ్చినాయన్ని పెద్దసారు అందాం. కాలేజీలో వాలీబాల్ ఆడాడట. దాంతో ప్రపంచంలోని ఆటలన్నీ ఆయనకి వచ్చేసినట్టే. ఈతగాళ్లకి ఊపిరి ఎలా తీయాలో చెప్పేవాడు, చదరంగం పిల్లలకి దూకుడు సరిపోదని చెప్పేవాడు. మా షెడ్డుకి వస్తే వరసగా అన్ని టైర్లూ బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లేవాడు. "మెత్తగా ఉన్నాయి మేడం. పిల్లల్నీ టైర్లనీ గట్టిగా ఉంచాలి" అని తన జోకుకి తనే నవ్వేవాడు. వెనకనున్న నలుగురూ నవ్వేవాళ్లు. ఆ నలుగురి మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

రాళ్ల సందులు

వన్ టౌన్‌లో కొన్ని పాత సందుల్ని అందంగా చేస్తామని జానెడేసి నల్లరాతి దిమ్మలు వరసగా పరిచారు. ఫోటోలో చూస్తే ముచ్చటగా ఉంటుంది. మొదటి వానకే దిమ్మల మధ్య ఇసుక కొట్టుకుపోయింది. కొన్ని దిగాయి, కొన్ని లేచాయి, రాయికీ రాయికీ మధ్య టైరు దిగబడేంత సందు మిగిలింది. దానికి తోడు పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళి. తెల్లవారి మంచుకి తడిసి రాళ్ల మీద నల్లటి పేస్టులా అంటుకుంటుంది. ఒకసారి ఆటోలో వెళ్తూ డ్రైవర్ని ఎలా ఉంది కొత్త రోడ్డని అడిగాను. "బాగుంది మేడం. అన్నం తినీసి ఒక్క రౌండ్ ఏసినావంటే, మళ్లీ ఆకలేసీత్తాది" అన్నాడు.

పెద్దసారు ఫోన్‌లో విదేశాల రాళ్ల రోడ్ల రేసులు చూశాడు. చూసి ఊరుకోలేదు. రాష్ట్ర జట్టు ఎంపిక రేసు ఈసారి ఆ సందుల మీదుగానే జరపాలని సైక్లింగ్ సంఘంలోని తన తోటి పెద్దల్ని ఒప్పించాడు. "వాళ్లు చేస్తే మనం చెయ్యలేమా? మనకి రాళ్లు లేవా?" అన్నాడు మీటింగులో. రాళ్లున్నాయి సార్, రాళ్ల మీద తొక్కిన పిల్లలు ఈ రాష్ట్రంలో ఒక్కరు లేరు, ఏడాది టైమివ్వండి అన్నాను. తాంబూలాలిచ్చేశాను తన్నుకు చావండి అన్నట్టు, తేదీ ప్రకటించేశాను మేడం, మూడు నెలలుంది, ఇక మీ ఇష్టం అన్నాడు.

బీచ్ రోడ్డు నుంచి వన్ టౌన్‌లోకి వెళ్లి, రాళ్ల సందులు తిరిగి మళ్లీ బీచ్ రోడ్డుకి రావాలి. అలా నాలుగు చుట్లు. అమ్మాయిల్లో మొదటి ముగ్గురు జాతీయ శిబిరానికి వెళ్తారు. శిబిరానికి వెళ్లినవాళ్లకి క్రీడా కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయం.

నా దగ్గర ఆ ఏడు గట్టిగా ఆశ పెట్టుకోదగ్గ అమ్మాయి కెజియా. వన్ టౌన్ పిల్లే. తండ్రి హార్బర్‌లో బరువులెత్తే వించ్ తోలుతాడు, తల్లి రోజమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి అయ్యాక తెల్లచీరలో ఉన్న తల్లితోనే సరాసరి ప్రాక్టీసుకొచ్చేది. సన్నగా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు, ఎత్తు మీద ఎవర్నీ దాటనివ్వదు. అంతకుముందు ఏడు టైఫాయిడ్ వచ్చి ఎంపిక పోయింది. వయసు పరిమితి ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. తల్లి ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం చూసి పెట్టింది.

"ఈసారి పోతే ఇంకేటీ లేదు మేడం," అంది కెజియా. "ఆ కౌంటర్లో కూకుని టోకెన్లు ఇచ్చుకోడమే."

బండి

కొత్తగా వచ్చే కోచ్‌లూ, ఈ భాగం కాస్త జాగ్రత్తగా చదవండి.

ముందు టైరు. మా స్టోర్లో ఉన్నవన్నీ సన్నటి రేసు టైర్లు. లావు టైర్లు కావాలంటే స్టోర్ ఇన్‌చార్జి, "అవి పాలోళ్ల సైకిళ్లకి కదండీ" అన్నాడు. తగరపువలసలో ఉండే నా పాత శిష్యుడొకడి దగ్గర ఒక జత ఉంటే అడిగి తెచ్చాను. లావుగా ఉందని ఏది పడితే అది ఎక్కించకూడదు. బ్రేకు కింద, ఫ్రేము ఫోర్కుల మధ్య వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడాలి. లేకపోతే రాళ్ల మధ్య బురద పట్టుకుని చక్రమే ఆగిపోతుంది.

తర్వాత బోల్టులు. మన ఊరి ఉప్పుగాలి మీకు తెలియంది కాదు. సీటు రాడ్డు ఫ్రేములో తుప్పుతో అతుక్కుపోతుంది. బోల్టు బిగిసిందనుకుంటాం, నిజానికి తుప్పు పట్టి నిలబడి ఉంటుంది. రాళ్ల దడదడకి వదులుగా ఉన్నవి ఊడతాయి, తుప్పు పట్టినవి విరుగుతాయి. అందుకే ప్రతి బోల్టూ ఊడదీసి, తుడిచి, గ్రీజు పెట్టి, సరిపడా బిగించాలి. చక్రాలకి పుల్లలన్నీ ఒకే బిగువులో ఉండాలి. వేలితో మీటితే అన్నీ ఒకేలా మోగాలి. ఫ్యాషన్ రిమ్ములు వద్దు. హ్యాండిల్‌కి టేపు రెండు పొరలు చుట్టాలి. రాళ్ల మీదికి వచ్చేముందు గొలుసును ముందున్న పెద్ద పళ్ల చక్రం మీదికి మార్చేయాలి, అప్పుడది బిగువుగా ఉండి ఊడదు.

నీళ్ల సీసాని తేలిగ్గా తీసుకోకండి. చాలా ఏళ్ల క్రితం పోర్టు రోడ్డులో రైలు పట్టాలు దాటుతుంటే ఒకడి సీసా ఎగిరి రోడ్డు మీద పడింది. వెనకొస్తున్న వెంకటేశ్ అనే మా కుర్రాడు దాని మీదెక్కి పడ్డాడు. మణికట్టు విరిగింది. అప్పుడు చూడ్డానికొచ్చిన అధికారి ఒకాయన, "హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి కదరా" అని వాణ్ణే తిట్టాడు. సీసా ఎవరిదో అడగలేదు. పాత ట్యూబు ముక్క కోసి సీసాకి చుట్టి ఉంటే వెంకటేశ్ చెయ్యి బాగుండేది. కెజియా సీసాలకి చుట్టాను.

గాలి సంగతి చివర. రోజూ పొద్దున్నే ఆ రాళ్ల మీదే తొక్కిస్తూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వెళ్లాం. ఒకచోటికి వచ్చేసరికి కెజియా సందు చివర ఆగి వెనక్కి తిరిగి, "మేడం, ఇప్పుడు రాళ్లు తెలీట్లేదు" అంది. అక్కడ ఆపేశాం. రెండు మూడు వారాలు పట్టింది ఆ ఒక్క మాట వినడానికి.

మనిషి

బండిని తయారుచేయడం సులువు. బండికి అమ్మానాన్నా ఉండరు.

కెజియా ఇంట్లోంచి బయటికి అడుగు పెడితే చాలు, రోజమ్మ గుమ్మంలోంచి, "గట్టిగా పట్టుకోవే!" అని కేకేసేది. మన తల్లులందరూ అంతే కదా. ఉయ్యాల ఎక్కితే గట్టిగా పట్టుకో, స్కూటరెక్కితే గట్టిగా పట్టుకో, బస్సెక్కితే గట్టిగా పట్టుకో. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటని నేను మూడు నెలల్లో మాన్పించాలి. రాళ్ల మీద హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటే ఆ దడదడంతా చేతుల్లోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి తలలోకి ఎక్కుతుంది. కళ్ల ముందు రోడ్డే ఊగిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కి బ్రేకు దగ్గరికి పోవు.

మొదటి రోజు కెజియా అరిచేతుల్లో పొక్కులొచ్చాయి. "వేడి ఇడ్లీ పట్టుకున్నట్టు పట్టుకో. పడెయ్యకు, పిసక్కు" అన్నాను.

"ఇడ్లీ ఇంత ఎగరదు కదా మేడం," అంది.

ఒక ఆదివారం రోజమ్మతోనే మాట్లాడాను. చర్చి నుంచి ఇద్దరూ వస్తుంటే ఆపి, ఈ పిల్లని గట్టిగా పట్టుకోమనకమ్మా అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మరేటనమంతారు మేడం? వదిలీమంటానా?"

"వదిలెయ్యమనొద్దు. ఏమీ అనకుండా ఊరుకో."

"ఊరుకుంటే నాకు బయం కదండీ. దానికి కాదు, నాకు."

అంత నిజం చెప్పినావిడతో ఏం వాదిస్తాం? మర్నాటి నుంచి రోజమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేది. కొంగు వెనకాల ఆ మాట అనుకునేదేమో నాకు తెలీదు.

మిగతాదంతా సాధన. చూపు చక్రం ముందు కాదు, దూరంగా ఉండాలి. మోచేతులు వంగి ఉండాలి. బరువు కాస్త వెనక్కి వెయ్యాలి. రాళ్ల మీద బ్రేకు వెయ్యకూడదు, వెయ్యాలనుకుంటే రాళ్లు రాకముందే వెయ్యాలి. బరువైన గేరులో నెమ్మదిగా, ఆపకుండా తొక్కాలి. తడి మీద భయం పోవాలని పూర్ణా మార్కెట్ పక్క సందుల్లో, కూరగాయల లారీలు దిగాక ఆకులూ నీళ్లూ పడి ఉన్న నేల మీద తిప్పాను. అక్కడ బస్తాలు మోసేవాళ్లు, "తప్పుకోండ్రా, రేసు పిల్లొత్తంది!" అని దారిచ్చేవాళ్లు. ఊరు మంచిదే. అధికారం చేతికొచ్చినవాళ్లతోనే ఇబ్బంది.

ఇంకో సంగతి రాయకపోతే ఈ ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. సీటు వల్ల ఆడపిల్లలకి పుళ్లు పడతాయి. నెలసరి రోజుల్లో ఆ రాళ్ల మీద తొక్కడం నరకం. ఈ మాట మీటింగులో ఎత్తితే మగవాళ్లంతా ఫ్యాను వైపు చూస్తారు. చూడనివ్వండి. మీరు మాత్రం అడగండి, సీటు మార్చండి, ఆ రోజుల్లో పని తగ్గించండి. సిగ్గుపడే కోచ్ దగ్గర పిల్ల నొప్పిని దాచుకుంటుంది. దాచుకున్న నొప్పితో రేసు రోజున పడుతుంది.

రేసు

బీచ్ రోడ్డు మీద స్టేజీ, షామియానా, డప్పులు. రైడర్లందర్నీ ముఖ్య అతిథికి పరిచయం చేయాలని స్టేజీ ముందు వరసగా నిలబెట్టారు. సైకిళ్లు పక్కనున్న స్టాండులో పెట్టించారు. నేను కెజియా బండి పక్కనే నిలబడ్డాను. గాలి నా చేత్తో చూసుకున్నాను, సరిగ్గా ఉంది.

పెద్దసారు మనిషిని పంపించాడు. వెళ్లనన్నాను. ఆయనే వచ్చాడు.

"మేడం, అతిథిగారికి బొకే ఇవ్వాలి. స్టేజీ మీదికి రండి. లేడీస్ ఎవరూ లేరు."

"సార్, బండ్లు చూసుకోవాలి."

"బండ్లకేమవుతుంది మేడం? రెండే నిమిషాలు. అతిథిగారి ముందు నన్ను చిన్నబుచ్చకండి."

ముప్పై ఏళ్లకు పైగా సైకిళ్లతో పనిచేసిన మనిషిని, బొకే పళ్లెం పట్టుకోవడానికి ఆడమనిషి కావాలని పిలిచాడు. పై అధికారి మాట, అందరూ చూస్తున్నారు, వెళ్లాను. రెండు నిమిషాలన్నది ఉపన్యాసాలయ్యాయి. పళ్లెం చేతిలో పెట్టుకుని స్టేజీ మీద నిలబడి చూస్తుంటే, స్టాండు దగ్గర ఒక వ్యాను ఆగింది. దాని మీద కంప్రెసర్. పక్కన బ్యానరు: క్రీడాకారులకు ఉచిత గాలి సౌకర్యం. ఒకతను గొట్టం పట్టుకుని ఒక్కో సైకిలు దగ్గరా వంగి లేస్తున్నాడు. వరస కెజియా బండి దాకా వచ్చింది.

పళ్లెం అక్కడే కింద పెట్టి దిగిపోయాను. "మేడం, మేడం, వందన సమర్పణ ఉంది" అని వెనక నుంచి మైకులో వినబడింది. నేను వెళ్లేసరికి గొట్టం అవతలి బండి దగ్గరుంది.

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాను.

"పెద్దసారు సెప్పారు మేడం. అన్నీ మెత్తగా ఉన్నాయి, గట్టిగా కొట్టీమన్నారు. ఒక్కటి కూడా వదల్లేదు, నొక్కి సూసుకోండి" అన్నాడు. పాపం, మంచి పని చేశానని సంతోషంగా ఉన్నాడు. అతన్నేమనను?

నేను చెయ్యి పెట్టేలోపు నిర్వాహకులు వచ్చి సైకిళ్లు లైనులోకి పట్టుకుపోయారు. తాడు దాటి కోచ్‌లు రాకూడదు. పోటీదారుకి బయటివాళ్లు సాయం చేస్తే పేరు కొట్టేస్తారు. తాడు దగ్గర నిలబడి, "కెజియా! గాలి! గాలి చూసుకో!" అని అరిచాను. డప్పుల మోతలో ఆ ఒక్క ముక్కే వినబడి ఉంటుంది. కెజియా నా వైపు చూసింది. స్టేజీ మీద ఎగురుతున్న జెండా వైపు చూసింది. సముద్రం గాలి అడ్డంగా కొడుతోంది. అర్థమైందన్నట్టు తల ఊపి, జిప్పు పైకి లాక్కుంది. రోజూ నేను గాలి గాలి అని అరిచేది టైరు గాలికీ, సముద్రం గాలికీ, రెండిటికీ కదా. ఆ పిల్ల తప్పేముంది?

రేసు మొదలైంది. నేను ఆటో పట్టుకుని అడ్డదారిన వన్ టౌన్ రాళ్ల మలుపు దగ్గరికి చేరాను. మొదటి చుట్టులోనే ఒకమ్మాయి ఎగిరి డ్రైనేజీ అరుగు మీద పడింది, మూతి పగిలింది. ఇంకొకమ్మాయికి గొలుసు ఊడింది. ముందు గుంపులో కెజియా ఉంది. ముందు చక్రం రాయి రాయికీ గంతులేస్తోంది. ఆమె మొహంలో భయం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. నేర్పిందంతా ఆ టైరు ఒక్క చుట్టులో మరిపించేసింది.

రెండో చుట్టు. నలుగురు ముందున్నారు, నాలుగో మనిషి కెజియా. నా ఎదురుగా రాళ్లలోకి రాకముందే పక్కకి తీసి ఆగింది. దిగింది. వంగి, ముందు చక్రం వాల్వు గోరుతో నొక్కింది. బుస్సుమంది. టైరుని అరిచేత్తో ఒత్తి చూసుకుంది. ఇంకొంచెం తీసింది. వెనక చక్రం దగ్గరికి వెళ్లింది. నేను నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, ముట్టుకుంటే ఆమె పేరు పోతుంది. ఆమె నన్ను చూడలేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే దాటి వెళ్లిపోయారు. ఎక్కడో మైకులో, "అయ్యో, మన వైజాగ్ అమ్మాయి దిగిపోయింది!" అని కేక.

మిగతా రేసులో ఆమె తొక్కిన తొక్కుడు నా జీవితంలో మళ్లీ చూడను. రాళ్లు వచ్చిన ప్రతిసారీ మిగతావాళ్లు ఎగురుతుంటే తను మాత్రం సాఫీగా వాళ్ల మధ్యలోంచి ముందుకొచ్చేది. మోచేతులు వంగి, చూపు దూరంగా పెట్టి. ఒక్కొక్కరినీ పట్టుకుంది. చివరి నున్నటి రోడ్డు మీద మూడో అమ్మాయి వెనకే వచ్చింది. అర చక్రం తేడాతో నాలుగో స్థానం.

అందరికీ ఒకటే గాలి

బహుమతులిచ్చేటప్పుడు పెద్దసారు మైకు పట్టుకున్నాడు. "మన అమ్మాయి మధ్యలో దిగకపోయి ఉంటే గెలిచేది. పిల్లలకి కష్టం రాగానే దిగిపోయే అలవాటు పనికిరాదు. గట్టిగా నిలబడాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

స్టేజీ దిగాక ఆయన్ని పట్టుకుని అడిగాను. "సార్, ఆ పిల్ల ఎందుకు దిగిందో మీకు తెలుసా? గాలి కొట్టించింది మీరు కదా?"

"అందరికీ ఒకటే గాలి కొట్టించాను మేడం. ఇందులో అన్యాయం ఏముంది?"

"అందరికీ ఒకటే సైజు చెప్పులిస్తారా సార్?"

"ఎమోషనల్ అవకండి," అని నవ్వి అతిథిని కారెక్కించడానికి వెళ్లిపోయాడు.

ఎంపిక మళ్లీ జరపమని పై వాళ్లందర్నీ అడిగాను. నియమాల్లో గాలి గురించి ఏమీ లేదన్నారు. మధ్యలో ఆగడం రైడరు సొంత నిర్ణయమన్నారు. ఆ రేసు మొత్తంలో బుర్ర పెట్టి తీసుకున్న నిర్ణయం అదొక్కటే. ఆ తర్వాత కెజియా పేరు ఎక్కడ ఎత్తినా, ఆ అమ్మాయా, రేసు మధ్యలో దిగిపోతుంది కదా అనడం మొదలైంది. పెద్దసారు అన్నమాట ఆయనకంటే వేగంగా తిరిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేడం టైర్ల మీదికి నెడుతోందని కూడా అన్నారు.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. స్టేజీ ఎక్కకండి. ఎవరు పిలిచినా, ఎంత పెద్దవాళ్లు పిలిచినా. పొగరని అంటారు, అననివ్వండి. గాలి మీటరు మీ జేబులో ఉండాలి, మీరు బండి పక్కన ఉండాలి, జెండా ఊపేదాకా కదలకూడదు. మిమ్మల్ని మర్యాద తెలియనివాళ్లనేవాడు రేపు ఆసుపత్రిలో పక్కన కూర్చోడు. ఇంకో మాట. అధికారి టైరు మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీయమని చెప్పండి. నేను అంతకుముందు వందసార్లు నవ్వి ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి.

తలుపు దగ్గర

కొన్ని వారాల తర్వాత కెజియా బండి తిరిగి ఇచ్చేయడానికి ఆఫీసుకొచ్చింది. కడిగి, తుడిచి, గొలుసుకి నూనె వేసి తెచ్చింది. బిల్లింగ్ కౌంటర్లో చేరిందట. మెడలో ఆసుపత్రి కార్డు వేలాడుతోంది. బండిని గోడకి ఆనించింది.

"మేడం, ఒకటి అడగనా? నిద్ర పట్టట్లేదు," అంది. "నాను ఆగకపోతే పడిపోయీదాన్నా, గెలిసీదాన్నా?"

పడిపోయేదానివి అని నోటిదాకా వచ్చింది. ధైర్యం చెప్పాలంటే అదే చెప్పాలి. కానీ నాకు తెలీదు. ముందున్న ముగ్గురూ అంతే గట్టి టైర్లతో పడకుండా చేరారు. ఈ పిల్ల వాళ్లకంటే తేలిక, అంత గట్టి టైరు మీద ఇంకా ఎక్కువ ఎగిరేది. పడేదేమో. పడకపోయేదేమో. నేను కొలిచి పెట్టిన గాలితో తొక్కి ఉంటే గెలిచినా ఓడినా ఆ ఫలితం ఆమెది అయ్యేది. ఇప్పుడు ఓడిపోయిందో, ఓడించారో, తనే దిగి పోగొట్టుకుందో బతుకంతా తేల్చుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్నడక్కు. రా," అని చెయ్యి పట్టుకుని వరండా చివరనున్న పెద్దసారు గదికి తీసుకెళ్లాను. తలుపు తెరిచే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు, మేము కూర్చోలేదు. కెజియా అదే ప్రశ్న అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. "అయిపోయినదాని గురించి ఇప్పుడెందుకమ్మా? జాబ్ వచ్చిందట కదా, కంగ్రాట్స్."

"మీకు అయిపోనాది సార్. నాకు కాలేదు. సెప్పండి."

ఆయన ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. కెజియా ఇంకా అక్కడే నిలబడింది.

"తెల్దని సెప్పండి సార్. అదొక్కటి సెప్పినా సాలు, ఎలిపోతాను."

ఆయన అది కూడా చెప్పలేదు.